లప్పం కింద పైపు

పనుల దగ్గర ఆమెను అందరూ లప్పం అక్క అనే పిలిచేవాళ్ళు. భర్త కరెంటు మేస్త్రీ. ఆయన గోడ మీద సుద్దముక్కతో గీత గీస్తే, ఆమె తమ్ముడు ఆ గీత వెంట ఉలితో గాడి కొట్టి, పైపు పెట్టి, వైరు లాగేవాడు. ఆఖరున ఆమె వచ్చి గాడిలో సిమెంటు కూరి, పైన లప్పం పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, అక్కడ గోడ ఎన్నడూ పగల్లేదన్నట్టు చేసేది. పగలగొట్టేది మగవాళ్ళు, పూడ్చేది ఆడది, ఎక్కడైనా ఇంతేగా అని మేస్త్రీ నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ రోజుల్లో ముగ్గురికీ నవ్వు తేలిగ్గా వచ్చేది.

తమ్ముడికి బల్లి అని పేరు పెట్టింది బావే. గాడి కొట్టే ముందు గోడకి చెవి ఆనించి, వేలి కణుపుతో టకటకా కొట్టి, లోపల నీళ్ళ పైపు ఏమన్నా ఉందేమోనని వినేవాడతను. అతుక్కుపోయినట్టు అలా ఎంతసేపైనా ఉండేవాడు. గోడలకి చెవులుంటాయని విన్నాం గానీ చెవికి గోడ ఉన్నవాణ్ణి నిన్నే చూశానురా అనేవాడు మేస్త్రీ. ఆమె కంటే పదకొండేళ్ళు చిన్న. చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు, తరవాత పక్కనే నిలబడి పనిచేసే మనిషయ్యాడు. ఇరవై ఏళ్ళు ముగ్గురూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకు తిన్నారు. అతని కాపురం కూడా వాళ్ళ ఇంటి వెనక రెండు గదుల్లోనే.

ఆ తమ్ముడు ఆమెతో మాట్లాడి ఆరేళ్ళయింది. మాట్లాడి అంటే, మాట్లాడాడు. అమ్మ ఆసుపత్రిలో ఉన్న పదిహేను రోజులూ ఒకరి తరవాత ఒకరు అదే బల్ల మీద కూర్చున్నారు. అతను వచ్చి మందుల చీటీ తీసుకుని, "తిన్నావా?" అనేవాడు. ఆమె తిన్నానని తల ఊపి లేచిపోయేది. పదిహేను రోజుల్లో ఆ ఒక్క ముక్కే. కోపంగా అన్నా బాగుండేది. బస్సులో పక్కసీటువాణ్ణి అడిగినట్టు అడిగేవాడు.

అలాంటిది, ఒక గురువారం పొద్దున ఫోన్ వచ్చింది. మేస్త్రీ స్పీకరు పెట్టి మాట్లాడటం అలవాటు కాబట్టి వంటగదిలో ఉన్న ఆమెకి ప్రతి మాటా వినబడింది. మూడో అంతస్తు ఇంటావిడ. టీవీ మార్చారట, ఇప్పటిది తలుపంత ఉందట. కింద సాకెట్టు నుంచి టీవీ దాకా గోడ మీద పాకే ఆ తెల్లటి ప్లాస్టిక్ పట్టీ చూస్తుంటే చిరాకుగా ఉందట, వచ్చినవాళ్ళంతా అదేమిటని అడుగుతున్నారట. తీగలు బయటికి కనపడకుండా గోడలో పెట్టి పోవాలి, కానీ ఏ భయం లేకుండా ఉండాలి, మీరైతేనే నాకు నమ్మకం అందావిడ. ఎల్లుండి వస్తామని మేస్త్రీ చెప్పాడు. ఫోన్ పెట్టేసి, "అదే ఇల్లు," అన్నాడు వంటగది వైపు చూడకుండా. స్టవ్ మీద పాలు పొంగి కిందికి కారుతున్నాయి, ఆమె చూస్తూనే నిలబడింది.

ఆ ఇంట్లో జరిగింది ఇదీ.

అప్పటికి ఆ ఇల్లు కొత్తది. హాల్లో టీవీ గోడకి తగిలించాలి. సాకెట్టేమో కింద, నేలకి మూరెడు ఎత్తులో ఉంది. టీవీతో వచ్చే నల్ల తీగను గోడ లోపల పూడ్చకూడదు, అది ఈ పనిలో మొదటి పాఠం. బయట గాలికి వేలాడటానికి చేసిన తీగ అది. సిమెంటులో పడితే పైతోలు దెబ్బతింటుంది, లోపల వేడెక్కినా చితికినా చూసే దిక్కుండదు. గోడలో పోవాల్సింది మందపు వైరు, అదీ పైపులో, అదీ నిట్టనిలువుగా. రేపు ఎవడో మేకు కొట్టేవాడు వైరు ఎక్కడుందో చూపుతోనే ఊహించుకోగలగాలి. కేబుల్ తీగకి వేరే పైపు. ఇవన్నీ బల్లికి నేర్పింది మేస్త్రీయే. బల్లి అలాగే చేశాడు. టీవీ వెనక గోడలో గుంట చేసి సాకెట్టు లోపలికి దించాడు. అక్కణ్ణుంచి రెండు పైపులు, ఒకదానిలో వైరు, పక్కది కేబుల్‌కి, కింద రెంటికీ కలిపి ఒక చిన్న బాక్సు.

అంతవరకే అయితే ఏ గొడవా లేదు. ఆ ఇంటాయన తల్లికి ఉరుములంటే ప్రాణభయం. మబ్బు పట్టగానే ఆ పెద్దావిడ ఇల్లంతా తిరిగి ప్లగ్గులు పీకేది. స్విచ్చు ఆపితే చాలదా అంటే, స్విచ్చుని నేను నమ్మను నాయనా, పీకేసిన ప్లగ్గు చేతిలో ఉంటేనే నాకు నిద్ర అనేది. ఆవిడ కోసం బల్లి కింద బాక్సులోంచి జానెడు నల్ల తీగ బయటికి తీసి, దానికి ప్లగ్గు పెట్టి, పక్కనే ఉన్న కింది సాకెట్టులో గుచ్చాడు. ఆవిడ వంగి రెండుసార్లు పీకి, రెండుసార్లు పెట్టి చూసుకుని, నూరేళ్ళు బతుకు అంది. పెద్దావిడ మాట తీర్చిన ఆ జానెడు తీగే అతని మెడకి చుట్టుకుంది. బయటినుంచి చూస్తే ఎలా ఉందంటే, టీవీ వెనక నల్ల తీగ గోడలోకి పోతోంది, కింద నల్ల తీగ గోడలోంచి వస్తోంది. ఎవరైనా ఒకటే తీగ అనుకుంటారు.

అనుకున్నది ఇంటాయన తోడల్లుడు. ఎక్కడో ఇంజనీరు. తోడల్లుడి కొత్త ఇంట్లో ఏదో ఒక వంక దొరికితే తప్ప కాఫీ గొంతు దిగని మనిషి. వంగి చూసి, టీవీ తీగని తీసుకెళ్ళి గోడలో పూడ్చారేంటి అన్నయ్యగారూ, రాత్రి పడుకున్నాక కాలితే ఎవరు చూస్తారు అన్నాడు. ఇంటాయన మొహం మాడిపోయింది. కింది అంతస్తులో పని చూస్తున్న మేస్త్రీని పిలిపించారు. అప్పటికి హాల్లో ఆ ఇంటివాళ్ళు ఐదుగురు, పక్కింటివాళ్ళు ఇద్దరు. లప్పం అక్క ఓ మూల బకెట్టు కడుక్కుంటోంది.

మేస్త్రీ వచ్చాడు, చూశాడు. పదిమందిలో తల కొట్టేసినట్టయింది ఆయనకి.

"ఏరా, టీవీ తీగ గోడలో పెట్టావా?"

బల్లి ముందు పరాచకం అనుకున్నాడు. "నువ్వేనా బావా అడిగేది?" అన్నాడు నవ్వుతూనే.

"విప్పి చూపించు."

నవ్వు పోయింది. "ఇరవై ఏళ్ళు చేశాక విప్పి చూపించాలా? వీళ్ళు అడిగితే విప్పుతాను. నువ్వు అడిగితే విప్పను."

"తప్పు లేనివాడికి విప్పడానికేం నొప్పి?"

"గోడ మూసింది అక్క. లోపల ఏముందో అక్కని అడుగు."

అందరూ ఆమె వైపు తిరిగారు. చేతిలో తడి బ్రష్షు. ఆమె నిజంగానే నీళ్ళు నమిలింది. ఆ వారం ఆమె పదకొండు గాళ్ళు మూసింది. హాల్లోది మూసేటప్పుడు పైపు చూసినట్టే గుర్తు, కానీ అది పడగ్గదిలోదేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఒక్క క్షణాన్నే పట్టుకుంది ఆమె. చూశాను అంటే ఇంతమందిలో మొగుడి మాట కొట్టేసినట్టు. బయట ఆయన మాట దాటకు, ఇంటికెళ్ళాక తలుపేసుకుని ఎంతైనా పోట్లాడు అని అమ్మ చెప్పింది, ముప్ఫై ఏళ్ళుగా ఆమె కాపురం నడిచింది ఆ మాట మీదే. ఇంటికెళ్ళాక చెబుదాం అనుకుంది. పైకి మాత్రం, "నేను సరిగ్గా చూడలేదు," అంది.

తమ్ముడు ఆమెనే చూశాడు, ఎంతసేపో కాదు. స్క్రూడ్రైవరు నేల మీద పెట్టాడు. విసరలేదు, పెట్టాడు. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఇంతవరకూ జరిగింది పిరికితనం. దాన్ని దేవుడు కూడా క్షమిస్తాడని ఆమె తరవాత చాలాసార్లు తనకి తాను చెప్పుకుంది. ఆ మధ్యాహ్నం చేసినదాన్ని గురించి మాత్రం అలా చెప్పుకోలేకపోయింది. మేస్త్రీ ఆ తీగని నమ్మనన్నాడు. మెయిన్ ఆపి, పైన సాకెట్టు తనే విడదీశాడు. గోడ మీదుగా ప్లాస్టిక్ పట్టీ వేసి అందులో కొత్త వైరు తెస్తాను, నువ్వు కింద ఆ తీగ కత్తిరించి మూతబిళ్ళ బిగించెయ్ అని ఆమెకి చెప్పాడు. నిచ్చెన మీద అటు తిరిగి పట్టీకి మేకులు కొడుతున్నాడు. ఆమె కూర్చుని బిళ్ళకున్న రెండు మరలూ విప్పింది.

పైపు ఉంది. బూడిదరంగు పైపు మూతి, శుభ్రంగా గీకి నున్నన చేసిన అంచు. అందులోంచి దిగిన మందపు వైర్లు. వాటికీ జానెడు నల్ల తీగకీ మధ్య గట్టిగా బిగించిన అతుకు. తమ్ముడి చెయ్యి అని ఎవరూ చెప్పక్కర్లేదు, టేపు చివర మడత పెట్టి వదలడం అతని అలవాటు, మళ్ళీ విప్పేవాడికి గోటికి దొరకాలని.

"ఏమండీ," అంది.

"ఊఁ," అన్నాడాయన అటు తిరిగే. మేకు నోట్లో ఉంది. ఇంటాయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తోడల్లుడు సోఫాలో ఉన్నాడు.

"లప్పం చాలదేమో," అంది.

తీగ కత్తిరించింది. టేపు చుట్టింది. బిళ్ళ పెట్టి రెండు మరలూ బిగించింది.

ఇంటికెళ్ళాక చెబుదాం అనుకుంది కదా, తీరా ఇంటికెళ్ళేసరికి వెనక గదులకి తాళం ఉంది. మరదలి పుట్టింటికి వెళ్ళారన్నారు. వారం తిరక్కుండా సామాను కోసం లారీ వచ్చింది. వేరే ఊళ్ళో లిఫ్టులు బాగుచేసే కంపెనీలో చేరాడట. తప్పు చేసినవాడికే పారిపోయే పని అన్నాడు మేస్త్రీ, కానీ ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. అప్పుడు చెప్పొచ్చు. చెబితే, మరి ఇన్నాళ్ళూ ఏం చేశావంటాడు. నిన్న చెప్పనిది ఇవాళ ఎలా చెప్పడం, ఇవాళ చెప్పనిది రేపెలా. అలా ఆరేళ్ళు. మింగలేక కక్కలేక ఉన్న ముద్దతోనే ఆమె వండింది, తింది, ఎన్నో గోడలు మూసింది. రాత్రి కలలో మాత్రం ఏ గోడ మూసినా పొద్దునకి తడిగానే ఉండేది.

ఇప్పుడు ఆ బిళ్ళ విప్పబోతున్నారు.

రెండు రోజులు ఆమెకి కంటి మీద కునుకు లేదు. మోకాలు నొప్పని మానేద్దామా అనుకుంది. మానేస్తే ఆయన ఒక్కడే విప్పుకుంటాడు, పైపు కనబడుతుంది, అప్పుడు గోడ చెప్పినట్టవుతుంది గానీ తను చెప్పినట్టు కాదు. తమ్ముడికి ఇక ఏ మొహంతో చెప్పుకుంటుంది? గోడ బయటపెట్టాక ఒప్పుకుంది అంటాడు. అనడు కూడా, తిన్నావా అంటాడు. స్క్రూడ్రైవరు మరకి తగిలేలోపు నోరు విప్పాలి. మిగిలిన దారి ఆ ఒక్కటే. ఇంట్లోనే చెప్పేద్దామని శుక్రవారం మూడుసార్లు ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఒకసారి నీళ్ళు ఇచ్చింది, ఒకసారి దువ్వెన ఇచ్చింది, మూడోసారి ఆయనే, ఏమిటే ఇందాకట్నుంచి నా చుట్టూ తిరుగుతున్నావు, పెళ్ళిచూపులా అన్నాడు.

శనివారం వెళ్ళారు. గాడి కొట్టే మనిషి రాలేదు, వాళ్ళిద్దరే. ఇంటావిడ తలుపు తీసి, కాఫీ ఇచ్చి, లోపల పని చూసుకుంటోంది. ఇంటాయన బాల్కనీలో ఫోన్లో ఉన్నాడు. పెద్దావిడ పోయి మూడేళ్ళయిందట, గోడ మీద ఫోటో ఉంది. మేస్త్రీ మెయిన్ ఆపి వచ్చాడు, టెస్టరు పెట్టి కరెంటు లేదని రెండుచోట్ల చూశాడు. పట్టీ పీకి పక్కన పడేశాడు. తెల్ల గోడ మీద పట్టీ ఉన్నచోటు ఇంకా తెల్లగా ఉంది.

"ముందు ఆ పాత దరిద్రాన్ని లాగేద్దాం. తరవాత పక్కన కొత్త గాడి," అంటూ కింద కూర్చుని జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"ఆగండి," అంది ఆమె.

"మెయిన్ ఆపాను."

"అది కాదు. లోపల పైపు ఉంది."

"ఏ పైపు?"

"వాడు పెట్టిన పైపు. వైరు పైపులో ఉంది. టీవీ తీగ కాదు."

ఆయన చెయ్యి అక్కడే ఆగింది. "నీకెలా తెలుసు?"

"మూసింది నేను."

"సరిగ్గా చూడలేదన్నావు."

"అన్నాను. ఆ మధ్యాహ్నం ఈ బిళ్ళ విప్పాను. మీరు నిచ్చెన మీద ఉన్నారు. చూశాను. చూసి మూశాను."

చెప్పేసింది. ఆరేళ్ళు మోసిన మాట చెప్పడానికి ఇంతసేపే పట్టింది. గోడకి చెయ్యి ఆనించుకుంది. ఆయన తిడతాడనుకుంది, తిడితే బాగుండు అనుకుంది. మేస్త్రీ మొదటి మర విప్పాడు, రెండోది విప్పాడు. బిళ్ళ తీసి నేల మీద పెట్టాడు. లోపలికి చూశాడు. కళ్ళజోడు సరిచేసుకుని మళ్ళీ చూశాడు. వైరు రెండు వేళ్ళతో పట్టుకుని చిన్నగా లాగితే పైపులోంచి మెత్తగా జారింది, నూనె రాసినట్టు.

"రెండు మరలు," అన్నాడు. "గోటితో పోయేది."

"నాదే తప్పు."

"నీదేనా? ఆ పూట ఈ మరలు నేనూ విప్పచ్చు. అనిపించింది కూడా. విప్పాక పైపు కనబడితే ఆ తోడల్లుడి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? అందుకే నిచ్చెనెక్కి నిన్ను కూర్చోబెట్టాను." కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "నువ్వు చూడలేదన్నావుగా, దాన్నే దిండుగా పెట్టుకుని పడుకున్నానే ఇన్నేళ్ళూ."

ఇద్దరూ ఆ బాక్సు ముందు నేల మీద కూర్చున్నారు, ముసలి మనుషులిద్దరు. ఫోను ఆమే తీసింది. తమ్ముడి నంబరు ఆమెకి నోటికి వచ్చు, కానీ వేలు రెండుసార్లు తప్పు నొక్కింది.

అతను ఎత్తాడు. వెనక ఏదో మోటారు హోరు. ఎవరికేమైంది అన్నాడు ముందే, ఇంట్లోవాళ్ళ ఫోను అంటే ఆ వయసులో అదే అనుకుంటారు. ఎవరికీ ఏం కాలేదు, ఆ ఇంట్లో ఉన్నాం, నీ బిళ్ళ విప్పాం అని చెప్పింది. అటు మోటారు ఆగింది, ఎవరో ఆపారు.

"నేను చూశాన్రా ఆ రోజు. నువ్వు వెళ్ళాక విప్పి చూశాను. చూసి మూసేశాను. మీ బావకి చెప్పలేదు. ఇప్పుడే చెప్పాను."

"నువ్వు చూశావని నాకు తెలుసక్కా."

"ఎలా తెలుసు?"

"పైపు పెట్టేటప్పుడు నువ్వే కదా కింది కొస పట్టుకున్నావు. వంకర పోతోందిరా అని నువ్వే అన్నావు. నీకు గుర్తులేదు. నాకుంది."

ఆమెకి నిజంగానే గుర్తులేదు. పడగ్గదిలోదేమో అనుకున్న ఆ ఒక్క క్షణం కూడా ఇప్పుడు చేతిలోంచి జారిపోయింది.

"బావ అన్నందుకు నేను వెళ్ళలేదు," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "బావ సంగతి నాకు తెలుసు. సాయంత్రానికి టీ తాగుతూ ఏరా బల్లీ అనేవాడు. బావ తిడితే సర్దుకుంటాను. నువ్వు అలా అన్నాక ఆ ఇంటి వెనక నాకేం పని?"

ఆమె ఏడవలేదు. ఏడుపుకి చోటు లేనంత నిండిపోయింది లోపల. ఆరేళ్ళూ తను అనుకున్నదేమిటి? మొగుడికీ తమ్ముడికీ మధ్య గొడవ, నడుమ తను నలిగిపోయాను అని. అడ్డంగా నిలబడిన గోడే తను అని ఇప్పటిదాకా తట్టలేదు.

"ఒకసారి రారా," అంది. "తప్పైపోయింది."

"నాతో అని ఏం లాభం అక్కా. ఆ రోజు అన్నది నాతో కాదుగా. వాళ్ళందరి ముందు అన్నావు."

మేస్త్రీ చెయ్యి చాపాడు. ఫోను తీసుకుని చెవికి పెట్టుకున్నాడు. క్షమాపణ మాటలు ఆయన నోటికి కొత్త, ఎక్కడుంటాయో తెలియదు. చివరికి, "ఒరే, ఈ పైపులో ఇప్పటి తీగ పడుతుందా? టీవీ పెద్దది," అన్నాడు.

"కరెంటు వైరు అదే చాలు బావా. మిగతా తీగలకి పక్క పైపు ఉంది, అందులో నైలాన్ దారం వదిలాను. పైన కొసకి తీగ కట్టి కింద నుంచి లాగు. గోడ పగలగొట్టకు."

"సరే," అన్నాడు మేస్త్రీ. ఇంకా ఏదో అనబోయి, "సరేరా," అని ఫోను ఆమెకి ఇచ్చేశాడు. అప్పటికే తమ్ముడు అటు పెట్టేశాడు.

ఆమె లేచి కొంగు సవరించుకుంది. బాల్కనీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఇంటాయన ఫోను అయ్యాక, ఏమ్మా, సామానేమైనా కావాలా అన్నాడు. ఆవిణ్ణి కూడా పిలవండి, ఒక్క మాట చెప్పాలి అంది. ఇద్దరూ వచ్చారు. మేస్త్రీ వెనక నిలబడ్డాడు, చేతిలో ఆ బిళ్ళ ఇంకా ఉంది. ఆమె ఇన్నేళ్ళలో ఇంటివాళ్ళ ఎదురుగా అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు గోడలో టీవీ తీగ లేదని, మా తమ్ముడు పైపు వేసి పద్ధతిగా చేశాడని, నేను చూసి కూడా చూడలేదని అబద్ధం చెప్పానని, వాడి మీద పడ్డ నింద నావల్లేనని, వచ్చి చూడండి పైపు కనబడుతోందని చెప్పింది.

ఇంటాయన భార్య వైపు చూశాడు. ఆవిడ ఆయన వైపు చూసింది.

"ఏ తమ్ముడమ్మా?" అన్నాడాయన.

గోడకి చెవి పెట్టి వినేవాడు, సన్నగా ఉండేవాడు, మీ అమ్మగారికి ప్లగ్గు పెట్టినవాడు అంది. ఆయన గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు, పాపం. నుదురు రుద్దుకున్నాడు. ఏదో చిన్న మాటామాటా అయినట్టుంది, ఎవరో వెళ్ళిపోయినట్టుంది అన్నాడు. మీ తోడల్లుడుగారు కూడా ఉన్నారు, ఆయనకి కూడా చెప్పండి అందామె. వాడితో మాకు మాటల్లేవమ్మా, నాలుగేళ్ళయింది అన్నాడాయన, ఆ కథ వేరే. ఇంటావిడ మాత్రం ఆమె భుజం మీద చెయ్యి వేసి, అయ్యో, ఇంత చిన్నదానికి ఇన్నాళ్ళు బాధపడుతున్నారా అంది. తరవాత, గోడ పగలగొట్టక్కర్లేదన్నమాట, అయితే సాయంత్రానికల్లా అయిపోతుందా అని అడిగింది. అయిపోతుందన్నాడు మేస్త్రీ.

ఎవరి ముందు మొగుడి మొహం నిలబెట్టాలని ఆమె నోరు మూసుకుందో, వాళ్ళకి ఆ పూటే గుర్తులేదు.

మెట్ల దగ్గరికి వెళ్ళి మళ్ళీ ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"చెప్పాను," అంది. "ఇంటాయనకి, ఆవిడకి. ఎదురుగా నిలబడి చెప్పాను."

"ఏమన్నారు?"

చాలా నొచ్చుకున్నారు, నీకు చెప్పమన్నారు అని ఒక మాట నోటి దాకా వచ్చింది. ఎంత తేలిక మాట. ఎవరికీ నష్టం లేదు, తమ్ముడికి కాస్త చల్లగా ఉంటుంది.

"నువ్వెవరో వాళ్ళకి గుర్తులేదురా," అంది.

అతను నవ్వాడు. ముందు ముక్కుతో, తరవాత గట్టిగా, పక్కన ఎవరో ఏమైందని అడిగేంతగా. ఆరేళ్ళ తరవాత వింటోంది ఆ నవ్వు. దాంతో కలిసి తనూ నవ్వాలో, ఊరుకోవాలో తెలియలేదు. నవ్వు ఎక్కడో మధ్యలో విరిగింది, ఎక్కడ విరిగిందో పట్టుకోలేకపోయింది. అతను ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది.

"లిఫ్టు మధ్యలో ఆగి ఉందక్కా, లోపల జనం ఉన్నారు. వెళ్ళాలి."

"వెళ్ళు. జాగ్రత్త."

"తిన్నావా?" అన్నాడు.

"లేదు," అంది. ఆరేళ్ళలో మొదటిసారి అలా అంది.

"తిను మరి," అని పెట్టేశాడు. వస్తాననలేదు.

లోపల మేస్త్రీ పిలుస్తున్నాడు. ఆయన నిచ్చెన మీద ఉన్నాడు, తీగ కొస దారానికి కట్టేశాడు. కింద దారం లాగడానికి ఒక మనిషి కావాలి. ఆమె వచ్చి నేల మీద కూర్చుని, పక్క పైపు మూతిలోంచి వేలాడుతున్న దారాన్ని వేలికి చుట్టుకుంది. మెల్లగా లాగు, తొందరపడకు అన్నాడాయన పైనుంచి. ఆమె మెల్లగానే లాగింది.